ఆడియో బుక్ ప్లేయర్ మొరాయిస్తే ఏం చెయ్యాలి: లైబ్రరీవాళ్లకీ, ఇంట్లో సాయం చేసేవాళ్లకీ

ప్లేయర్ పాడైపోయిందండీ అని లైబ్రరీకి తిరిగొచ్చేవాటిల్లో నిజంగా పాడైనవి తక్కువే ఉంటాయి. చార్జింగ్ అయిపోవడం, పుస్తకాలుండే మెమరీ కార్డు సరిగ్గా కూర్చోకపోవడం, ఏదో బటన్ నొక్కుకుపోయి సెట్టింగ్ మారిపోవడం, పుస్తకం సగమే కాపీ అవ్వడం, చాలావరకు ఈ నాలుగే. కానీ వినే మనిషికి అది చిన్న విషయం కాదు, చూపు లేనివాళ్లకీ, చూపు బాగా తగ్గినవాళ్లకీ, చేతులు వణికి పుస్తకం పట్టుకోలేనివాళ్లకీ ఆ చిన్న డబ్బాలోనే పుస్తకాలన్నీ ఉన్నాయి, అది ఆగిందంటే చదువు ఆగిపోయినట్టే.

ఒక్కటి మాత్రం ముందే చెప్పేస్తాను, మిగతాదంతా దీని మీదే నడుస్తుంది. ప్లేయర్ వాళ్ల చేతిలోంచి లాక్కుని మనం టకటకా నొక్కేసి "ఇదిగో అయిపోయింది" అని ఇచ్చెయ్యకండి. మనకి రెండు నిమిషాల్లో పని అయిపోతుంది నిజమే, కానీ వారం తర్వాత అదే సమస్య మళ్లీ వస్తే వాళ్లు మళ్లీ ఎవరో వచ్చేదాకా కూర్చోవాలి. ప్లేయర్ వాళ్ల చేతిలోనే ఉండాలి, బటన్ వాళ్ల వేలే నొక్కాలి, మనం పక్కన ఉండి చెప్పాలి. టైమ్ పడుతుంది, పట్టనివ్వండి.

ముందు అడగాల్సినవి

"పనిచెయ్యట్లేదు" అన్న మాట ఒక్కటే పట్టుకుంటే ఎటూ పోలేం. ఆన్ చేస్తే ఏం వినిపిస్తోందో అడగండి. ఏమీ వినపడట్లేదంటే చార్జింగ్ వైపు చూడాలి లేదా సౌండ్ వైపు. ప్లేయర్ మాట్లాడుతోంది కానీ పుస్తకం రావట్లేదు అంటే మెషిన్ బాగానే ఉంది, తేడా కార్డులోనో పుస్తకంలోనో ఉంది. పుస్తకం వస్తోంది కానీ వింతగా వస్తోంది, మరీ స్పీడుగానో, ఎక్కడెక్కడికో దూకుతూనో, అంటే సెట్టింగ్ మారింది. ఈ ఒక్క ప్రశ్నతోనే సగం పని అయిపోతుంది.

ఫోన్లో అడుగుతుంటే ఇంకో తేలిక దారి ఉంది, ఫోన్‌ని ప్లేయర్ పక్కన పెట్టమనండి.

"అమ్మా, ఫోన్ స్పీకర్లో పెట్టి ప్లేయర్ పక్కనే ఉంచి, ఇప్పుడు ఆన్ చెయ్యండి, నేను వింటాను."

"చేశా బాబూ. ఏదో అంటోంది, ఇంగ్లీషులో గబగబా, నాకు తెలియట్లా."

"మెమరీ కార్డు లేదంటోందమ్మా. ప్లేయర్ పై అంచు మీద వేలు పెట్టి అలా జరపండి, సన్నటి గాడి తగులుతుందా? అందులో కార్డు అంచు చేతికి తగలాలి."

"తగుల్తోంది, కొంచెం బయటికే ఉంది."

"టిక్ అనేదాకా మెల్లిగా లోపలికి నొక్కండి."

ఇలాంటివి బోలెడు. మెషిన్ తన తప్పేంటో తనే చెప్తూ ఉంటుంది, ఆ గొంతు యాస అర్థం కాకో, స్పీడు ఎక్కువయ్యో వాళ్లకి అందదు. మనం వింటే క్షణంలో తెలుస్తుంది.

బటన్ ఎక్కడుందో చెప్పేటప్పుడు రంగులు చెప్పకండి, "పచ్చది నొక్కండి" అంటే చూపు లేని మనిషికి అది ఏ రకంగానూ ఉపయోగపడదు. ఏ అంచున ఉంది, ఎత్తుగా ఉందా లోతుగా ఉందా, గుండ్రమా నలుచదరమా, ఇలా చెప్పాలి. ఫోన్ లాంటి నంబర్ల వరసలున్న ప్లేయర్లలో 5 మీద చిన్న చుక్క ఎత్తుగా ఉంటుంది, ముందు వేలు దాని మీద పెట్టించండి, అక్కణ్ణించి పైన 2, కింద 8, ఎడమ 4, కుడి 6, ఇంక దారి తప్పరు. ప్లేయర్ ఎటు తిప్పి పట్టుకున్నారో కూడా ముందే అడగండి, తలకిందులుగా పట్టుకుంటే మనం చెప్పేదంతా తారుమారైపోతుంది. మీ దగ్గర కూడా అదే మోడల్ ఒకటి ఉంటే దాన్ని చేతిలో పెట్టుకుని, కళ్లు మూసుకుని, వేలుతో తడుముతూ చెప్పండి, మీరు చెప్పే మాటలే మారిపోతాయి.

ఆన్ అవ్వట్లేదు

ముందు గోడ దగ్గర మొదలుపెట్టండి. ప్లగ్గులో కరెంటు వస్తోందా, స్విచ్చి వేసుందా, అదే ప్లగ్గుకి ఇంకోటేదైనా పెడితే పనిచేస్తోందా చూడాలి. తర్వాత చార్జర్, తర్వాత వైరు, చివరికి ప్లేయర్. అందరూ ప్లేయర్ దగ్గర మొదలెట్టి వెనక్కి వస్తారు, అనవసరంగా గంట పోతుంది.

బ్యాటరీ పూర్తిగా దిగిపోయిన ప్లేయర్ చార్జింగ్ పెట్టగానే ఆన్ అవ్వదు, కొన్ని అసలు లైటు కూడా వెలిగించవు. అరగంట వదిలేసి అప్పుడు నొక్కండి. నెలల తరబడి బీరువాలో పడున్నది అయితే రాత్రంతా పెట్టి పొద్దున చూడండి. ఆన్ బటన్ని చాలా ప్లేయర్లలో ఒక సెకనో రెండు సెకన్లో నొక్కి పట్టుకోవాలి, ఇలా తాకి అలా వదిలేస్తే ఏమీ కాదు, పెద్దవాళ్లు భయపడి మెల్లిగా తాకి వదిలేస్తూ ఉంటారు, అది కూడా అడగండి.

వైరు విషయం. సెల్‌ఫోన్ వైరు పట్టింది కదా అని పెట్టేస్తారు, చాలాసార్లు పర్లేదు కూడా, కానీ ఆ వైరు లోపల తెగిపోయి ఉండొచ్చు, పిన్ను లూజుగా ఉండొచ్చు. వైరు మార్చి చూడటం అన్నిటికన్నా ఈజీ టెస్టు. పాత ప్లేయర్లలో గుండ్రటి పిన్ను చార్జర్లు ఉంటాయి, వాటికి మాత్రం దొరికిందల్లా పెట్టకండి, పిన్ను పట్టినా వోల్టేజీ వేరేది అయితే బోర్డు కాలిపోతుంది, చార్జర్ మీద రాసున్న వోల్టులు ప్లేయర్ అడుగున రాసున్నవాటితో కలవాలి. చార్జింగ్ పెట్టుకునే కన్నంలో దుమ్ము, నూలు పేరుకుపోతే పిన్ను లోపలిదాకా వెళ్లదు, ప్లేయర్ ఆపేసి చెక్క పుల్లతో మెల్లిగా తియ్యండి, గుండుసూది, పిన్నీసు లాంటి ఇనప వస్తువు పెట్టొద్దు.

రోజంతా వచ్చే చార్జింగ్ ఇప్పుడు గంటే వస్తోంది అంటే బ్యాటరీకి వయసు అయిపోయింది, మార్చాల్సిందే. ఇంకో జాగ్రత్త, ప్లేయర్ వెనక మూత ఉబ్బినట్టుగా ఉన్నా, బల్ల మీద పెడితే ఊగుతున్నా, బ్యాటరీ ఉబ్బిందని అర్థం. వెంటనే ఆపేసి చార్జింగ్ తీసెయ్యాలి, నొక్కి లోపలికి తొయ్యకూడదు, గుచ్చకూడదు. ఇది చూపు లేనివాళ్లకి చేత్తో తడిమి గుర్తుపట్టడం నేర్పాల్సిన విషయం, ప్లేయర్ ఇచ్చేటప్పుడే వెనకవైపు చదునుగా ఉందని ఒకసారి వేలితో చూపించండి, తేడా వస్తే వాళ్లకే తెలుస్తుంది.

స్ట్రక్ అయిపోయి ఏ బటనూ పలక్కపోతే పవర్ బటన్ పది పదిహేను సెకన్లు గట్టిగా నొక్కిపట్టండి, చాలావాటికి అది బలవంతంగా ఆఫ్ అయ్యే పద్ధతి. బ్యాటరీ ఊడదీసే రకమైతే చార్జర్ తీసి, బ్యాటరీ తీసి, ఒక నిమిషం ఆగి మళ్లీ పెట్టండి. దీంతో పుస్తకాలు పోవు, ఆ మాట వాళ్లకి ముందే చెప్పండి, లేకపోతే పోతాయేమోనని నొక్కరు.

సౌండ్ రావట్లేదు, లేదా సరిగ్గా రావట్లేదు

హెడ్‌ఫోన్ పిన్ను పెట్టి ఉంటే స్పీకర్ ఆగిపోతుంది, ఇది అందరికీ తెలిసిందే, కానీ పిన్ను విరిగి లోపల ముక్క ఉండిపోయినా, లోపల దుమ్ము చేరినా కూడా ప్లేయర్ హెడ్‌ఫోన్ పెట్టి ఉందనే అనుకుంటుంది. ఒక హెడ్‌ఫోన్ పెట్టి చూడండి, అందులో సౌండ్ వస్తే సమస్య అక్కడే. నాలుగైదు సార్లు పెట్టి తీస్తే కొన్నిసార్లు వదులుతుంది. బ్లూటూత్ ఉన్న ప్లేయర్ అయితే అది పక్క గదిలో ఉన్న స్పీకర్‌కి కనెక్ట్ అయి అక్కడ చదువుతూ ఉండొచ్చు, నవ్వొచ్చినా ఇది నిజంగా జరిగేదే. స్పీకర్ వాల్యూమ్, హెడ్‌ఫోన్ వాల్యూమ్ వేర్వేరుగా గుర్తుపెట్టుకునే ప్లేయర్లున్నాయి, ఒకదాంట్లో పెంచితే ఇంకోదాంట్లో పెరగదు. మెషిన్ గొంతుకి ఒక వాల్యూమ్, పుస్తకానికి ఒక వాల్యూమ్ ఉండేవి కూడా ఉన్నాయి.

ఒక చెవే వినపడే మనిషి స్టీరియో రికార్డింగ్ వింటే సగం గొంతులు వినపడకపోవచ్చు. ప్లేయర్లోనో ఫోన్లోనో మోనో ఆడియో అని సెట్టింగ్ ఉంటే అది ఆన్ చేసెయ్యండి, రెండు వైపుల సౌండూ ఒకే చెవిలోకి వస్తుంది. వినికిడి తగ్గినవాళ్లకి వాల్యూమ్ పెంచడం కన్నా టోన్ మార్చడం ఎక్కువ పనిచేస్తుంది చాలాసార్లు, వయసుతో పాటు ముందు పోయేది సన్నటి శబ్దాలు, అంటే స, శ, ఫ లాంటి అక్షరాలు, టోన్‌ని ట్రెబుల్ వైపు, అంటే సన్నటి శబ్దాలు పెరిగే వైపు, కొంచెం జరిపితే మాట స్పష్టంగా తెలుస్తుంది. దీనికి ఐదు నిమిషాలు కూర్చుని వాళ్లకి నచ్చేదాకా జరిపించండి, ఇంత చిన్నదానితో కొంతమంది రెండేళ్లుగా కష్టపడి విన్న పుస్తకాలు హాయిగా వింటారు.

గరగర వస్తోందంటే ఇంకో పుస్తకం పెట్టి చూడండి. ఒక్క పుస్తకంలోనే వస్తుంటే అది పాత టేపు నుంచి ఎక్కించిన రికార్డింగ్ అయ్యుంటుంది, ఆ హిస్ శబ్దం టేపులోదే, మెషిన్ బాగానే ఉంది. అన్ని పుస్తకాల్లోనూ వస్తుంటే హెడ్‌ఫోన్ పెట్టి వినండి, అందులో శుభ్రంగా ఉంటే స్పీకర్ పోయింది.

గొంతు చిన్నపిల్లల గొంతులా గబగబా వస్తుంటే స్పీడు పెరిగింది. మరీ మెల్లిగా, మత్తుగా వస్తుంటే తగ్గింది. స్పీడు బటన్ ఎక్కడుందో వేలితో చూపించి, మామూలు స్పీడుకి వచ్చినప్పుడు బీప్ కొట్టే ప్లేయర్ అయితే ఆ బీప్ గుర్తుపట్టించండి. ఇంక వినేవాళ్లలో చాలామంది కావాలనే ఒకటిన్నర, రెండు రెట్లు స్పీడులో వింటారు, మీకు అర్థం కాలేదని మీరు తగ్గించెయ్యొద్దు, అది వాళ్ల చదివే వేగం.

"పదిహేను నిమిషాలకోసారి దానంతటదే ఆగిపోతోంది" అంటే స్లీప్ టైమర్. 15, 30, 45, 60 నిమిషాలకి పెట్టుకునే బటన్ చాలా ప్లేయర్లలో ఉంటుంది, పడుకునేటప్పుడు వినడానికి. అది తెలియక నొక్కుకుపోతే బ్యాటరీ పోయిందనుకుంటారు. సరిగ్గా ఎన్ని నిమిషాలకి ఆగుతోందో అడగండి, రోజూ ఒకే లెక్క అయితే టైమరే, లెక్క మారుతుంటే బ్యాటరీ అనుమానించండి.

బటన్లు మాట వినట్లేదు

ఏ బటన్ నొక్కినా ఒకటే మాట చెప్తుంటే కీ లాక్ పడింది. బ్యాగులో పెట్టుకుని తిరిగేవాళ్లకి ఇది ఎక్కువ. తాళం తీసే పద్ధతి మోడల్ని బట్టి మారుతుంది, కొన్నిట్లో వరసగా 1, 2, 3 నొక్కితే వస్తుంది. ఏ బటన్ నొక్కితే ఆ బటన్ పేరు చెప్పి ఊరుకుంటోంది, పుస్తకం మాత్రం కదలట్లేదు అంటే అది బటన్లు నేర్పించే మోడ్‌లో ఉంది, దాంట్లోంచి బయటికి రావాలి, అంతే. కొన్ని ప్లేయర్లలో కార్డు పెట్టకుండా ఆన్ చేస్తే కూడా ఇదే మోడ్ వస్తుంది.

ఇప్పుడు అన్నిటికన్నా ఎక్కువ తికమక పెట్టేది. డైసీ పుస్తకాల్లో ముందుకీ వెనక్కీ వెళ్లడానికి లెవెల్స్ ఉంటాయి. డైసీ అంటే చదవడం కష్టమైనవాళ్ల కోసం ఆడియో లైబ్రరీలు కలిసి తయారుచేసుకున్న పద్ధతి, ఆ లైబ్రరీల కూటమి, డైసీ కన్సార్షియం, 1996లో మొదలైంది, దాని గొప్పదనమే ఇది, మామూలు ఆడియోలో నిమిషాలే ఉంటాయి, ఇందులో భాగం, అధ్యాయం, పేజీ, వాక్యం అన్నీ ఉంటాయి, అచ్చు పుస్తకం తిరగేసినట్టు తిరగెయ్యొచ్చు. నంబర్ల బటన్లున్న ప్లేయర్లలో మామూలుగా 2, 8 నొక్కితే లెవెల్ మారుతుంది, 4, 6 నొక్కితే ఆ లెవెల్లో వెనక్కీ ముందుకీ వెళ్తుంది.

లెవెల్ వాక్యం మీద ఉన్నప్పుడు 6 నొక్కితే ఒక్క వాక్యమే కదుల్తుంది, "నొక్కుతున్నా ముందుకి పోవట్లేదండీ" అంటారు. లెవెల్ 1 మీద ఉంటే ఒక్క నొక్కుకి మొత్తం భాగం దాటిపోతుంది, "పుస్తకం సగం మింగేసింది" అంటారు. రెండూ ఒకటే సమస్య. దీన్ని మాటల్లో చెప్తే బుర్రకెక్కదు, ఒక పుస్తకం పెట్టి, 8 నొక్కించి లెవెల్ పేరు వినిపించి, 6 నొక్కించి ఎక్కడికి వెళ్లిందో వినిపించి, 4తో వెనక్కి రప్పించి, మళ్లీ 8. అలా ఒక చుట్టు తిప్పితే చాలు, వాళ్ల మొహమే చెప్తుంది అర్థమైందని. ప్లేయర్ ఇచ్చే రోజు ఒక్క విషయమే నేర్పడానికి టైమ్ ఉందంటే నేను ఇదే నేర్పమంటాను.

కార్డు, పెన్ డ్రైవ్, పుస్తకం

మెషిన్ మాట్లాడుతోంది కానీ పుస్తకం లేదంటోంది, లేదా ఒక పుస్తకం మాత్రం రావట్లేదు. ఇక్కడ కార్డులు అటూ ఇటూ మార్చి ఒక టెస్టు చెయ్యండి. అదే కార్డు ఇంకో ప్లేయర్లో పెట్టండి, ఇంకో మంచి కార్డు ఈ ప్లేయర్లో పెట్టండి. కార్డు రెండు చోట్లా రాకపోతే తప్పు కార్డుది. రెండు కార్డులూ ఈ ప్లేయర్లో రాకపోతే తప్పు ప్లేయర్ది. ఈ రెండు మార్పిడులు చెయ్యకుండా ఊహించుకుంటూ కూర్చోవద్దు. లైబ్రరీలో అందరికీ తెలిసిన చోట ఒక టెస్టు కార్డు పెట్టుకోండి, దాంట్లో కచ్చితంగా పనిచేసే చిన్న డైసీ పుస్తకం ఒకటి, మామూలు ఎంపీ3 ఒకటి ఉంచండి, ఎవరికీ ఇవ్వొద్దు.

కార్డు సైజు. పాత ప్లేయర్లలో చాలా వాటికి 32 జీబీ దాకా కార్డులే తెలుసు. అంతకంటే పెద్ద కార్డులు ఎక్స్‌ఫ్యాట్ పద్ధతిలో ఫార్మాట్ అయి వస్తాయి, ఆ ప్లేయర్లకి ఆ పద్ధతి చదవడం రాదు, కార్డు లేనట్టే ఉంటాయి. పెద్ద కార్డు కొనుక్కోండి అని ఎవరో సలహా ఇస్తారు, కొత్త కార్డు కొని పెడితే అసలు పనిచెయ్యదు. నిజానికి పెద్దది అవసరమే లేదు. మాట రికార్డింగ్ 64 కేబీపీఎస్‌లో ఉంటే గంటకి దగ్గర దగ్గర 29 ఎంబీ పడుతుంది, పది గంటల పుస్తకం 290 ఎంబీ, 32 జీబీ కార్డులో వెయ్యి గంటలకి పైనే పడుతుంది. ఫార్మాట్ చెయ్యాల్సొస్తే ఫ్యాట్32లో చెయ్యండి, చేసేముందు అందులో ఉన్నవన్నీ కంప్యూటర్లోకి తీసిపెట్టండి, వాళ్లు చేసుకున్న రికార్డింగులు, నోట్సులు కూడా కార్డులోనే ఉండొచ్చు, అవి మళ్లీ దొరకవు.

పెద్ద ఎస్‌డీ కార్డుకి పక్కన చిన్న జారే మీట ఉంటుంది, అది లాక్ వైపు జారితే కార్డు మీద ఏమీ రాయలేం, కొత్త పుస్తకం కాపీ అవ్వదు, కొన్ని ప్లేయర్లలో పుస్తకంలో కావాల్సిన చోట పెట్టుకున్న గుర్తులు (బుక్‌మార్కులు) కూడా నిలవవు. కార్డు తోసేటప్పుడు వేలు తగిలే జారిపోతుంది.

పుస్తకం కాపీ చెయ్యడంలో జరిగే పొరపాట్లే అన్నిటికన్నా ఎక్కువ. డౌన్‌లోడ్ చేస్తే అది జిప్ ఫైలుగా వస్తుంది, జిప్‌ని అలాగే కార్డులో వేసేస్తారు, చాలా ప్లేయర్లు జిప్ విప్పలేవు. విప్పినప్పుడు ఫోల్డర్లో ఫోల్డర్, దాంట్లో మళ్లీ అదే పేరుతో ఫోల్డర్ వస్తుంది, అది అలాగే పెడితే లోపల ఎక్కడో ఉన్న పుస్తకం ప్లేయర్‌కి కనపడదు. ఫోల్డర్ తెరవగానే ఆడియో ఫైళ్లు కనపడాలి, వాటితో పాటు స్మిల్ అనే ఫైళ్లు ఉంటాయి, డైసీ 2.02 పుస్తకమైతే ఎన్‌సీసీ అన్న ఫైలు ఉంటుంది, డైసీ 3 అయితే ఓపీఎఫ్, ఎన్‌సీఎక్స్ ఉంటాయి. ఈ చిన్న చిన్న ఫైళ్లే పుస్తకానికి విషయసూచిక. ఇవెందుకులే అని తీసేసి ఆడియో ఒక్కటే కాపీ చేసేవాళ్లున్నారు, అప్పుడు పుస్తకం వస్తుంది గానీ అధ్యాయాలుండవు, పేజీలుండవు. ఫోల్డర్ని మొత్తంగా కాపీ చెయ్యండి, లోపల ఏ ఫైలు పేరూ మార్చొద్దు, ఒకదాన్నొకటి పేరుతోనే వెతుక్కుంటాయి.

కొన్ని ప్లేయర్లు కార్డులో అవే కొన్ని ఫోల్డర్లు తయారుచేసుకుంటాయి, డైసీ పుస్తకాలకొకటి, వేరే ఆడియో పుస్తకాలకొకటి, పాటలకొకటి, అలా. పుస్తకాన్ని తప్పు ఫోల్డర్లో వేస్తే అది తప్పు అరలో కనపడుతుంది, లేదా అసలు కనపడదు. ఎంపీ3 పుస్తకాన్ని పాటల ఫోల్డర్లో వేస్తే ఆగిన చోటు గుర్తుపెట్టుకోకపోవచ్చు, షఫుల్ (వరస కలిపేసే సెట్టింగ్) ఆన్‌లో ఉంటే మూడో అధ్యాయం తర్వాత పదకొండోది వస్తుంది. "రోజూ మొదట్నించే మొదలవుతోంది" అన్నవాళ్ల ఫిర్యాదు చాలాసార్లు ఇదే, ఫోల్డర్ మారిస్తే చాలు.

అధ్యాయాలు వరసలో రావట్లేదంటే ఫైళ్ల పేర్లు చూడండి. 1, 2, 3 అని ఉంటే చాలా మెషిన్లు 1 తర్వాత 10, 11, ఆ తర్వాతే 2 చదువుతాయి. 01, 02 అని, వంద దాటితే 001 అని పేరు పెడితే సర్దుకుంటుంది. ఇది మామూలు ఎంపీ3 పుస్తకాలకే, డైసీవాటి జోలికి పోవద్దు. ఫైలు పేర్లు తెలుగు లిపిలో ఉంటే పాత ప్లేయర్లు చదవలేక వదిలేస్తాయి, ఇంగ్లీషు అక్షరాల్లో చిన్న పేరు పెట్టండి, పేరు మెషిన్ గొంతుతో విన్నప్పుడు ఏ పుస్తకమో తెలిసేలా ఉండాలి.

పుస్తకం మధ్యలో ఎప్పుడూ ఒకే చోట ఆగిపోతుంటే కాపీ పూర్తి కాలేదు. కంప్యూటర్లో ఒరిజినల్ ఫోల్డర్ సైజూ ఫైళ్ల లెక్కా చూసి, కార్డులో ఉన్నదాంతో పోల్చండి, తేడా ఉంటే తీసేసి మళ్లీ కాపీ చెయ్యండి. కాపీ అయిపోయిందని తెర మీద కనపడగానే కార్డు పీకెయ్యకూడదు, కంప్యూటర్ ఇంకా వెనకాల రాస్తూనే ఉండొచ్చు, ఎజెక్ట్ నొక్కి తియ్యాలి. మ్యాక్ కంప్యూటర్లో కాపీ చేస్తే ఒక్కో ఫైలుకి చుక్క, అండర్‌స్కోర్‌తో మొదలయ్యే దాగిన ఫైలు ఒకటి తోడు వస్తుంది, కొన్ని ప్లేయర్లు దాన్ని కూడా ఆడియో అనుకుని ప్లే చెయ్యబోయి ఆగుతాయి, వాటిని తీసెయ్యాలి. కంప్యూటర్‌కి ప్లేయర్ కనపడకపోతే వైరు మార్చండి, చార్జింగ్‌కి మాత్రమే పనికొచ్చే వైర్లు ఉంటాయి, చూడ్డానికి ఒకేలా ఉంటాయి, డేటా పోదు.

తాళం ఉన్న పుస్తకాలు, వైఫై

కొన్ని లైబ్రరీలు పుస్తకాల్ని తాళం వేసి ఇస్తాయి, ఆ ప్లేయర్లో లైబ్రరీ ఇచ్చిన కీ ఫైలు ఉంటేనే తెరుచుకుంటాయి. చూపు లేనివాళ్ల కోసం చేసిన ప్రతులు దేశాల మధ్య ఇచ్చిపుచ్చుకోవడానికి 2013లో మరకేష్ ఒప్పందం కుదిరింది, 2016 సెప్టెంబర్ 30 నుంచి అమల్లోకి వచ్చింది, ఆ ప్రతులు అర్హులకే చేరాలన్న జాగ్రత్త అందులో ఉంది, కీలు ఆ జాగ్రత్తకి పనికొచ్చేవే. కాబట్టి ప్లేయర్ మార్చినప్పుడు, ఫ్యాక్టరీ రీసెట్ చేసినప్పుడు, "ఈ పుస్తకానికి అనుమతి లేదు" లాంటి మాట వస్తే ప్లేయర్ పాడైనట్టు కాదు, కీ మళ్లీ ఎక్కించాలి. గడువు అయిపోయిన పుస్తకమైతే మళ్లీ అప్పు తీసుకోవాలి. కొత్తగా ఈపబ్ 3 అనే ఈ-బుక్ పద్ధతిలో వచ్చే ఆడియో పుస్తకాలు పాత డైసీ ప్లేయర్లలో తెరుచుకోకపోతే అప్‌డేట్ ఉందేమో చూడండి, లేకపోతే అదే పుస్తకం డైసీలో అడగండి.

వైఫై కనెక్ట్ అవ్వట్లేదంటే రౌటర్ 5 గిగాహెర్ట్జ్‌లో మాత్రమే ఇస్తోందేమో చూడండి, పాత ప్లేయర్లు చాలావరకు 2.4 మాత్రమే పట్టుకుంటాయి. పాస్‌వర్డ్‌లో పెద్ద అక్షరాలు, చిన్న అక్షరాలు నంబర్ల బటన్ల మీద కొట్టడం చాలా కష్టం, ఒక్కో అక్షరం గట్టిగా పలుకుతూ కొట్టించండి. అన్నీ సరిగ్గా ఉన్నా లైబ్రరీ సైటుకి లాగిన్ అవ్వట్లేదంటే తేదీ, టైమ్ చూడండి. బ్యాటరీ పూర్తిగా దిగిపోతే గడియారం వెనక్కి పోతుంది, తేదీ తప్పుంటే సురక్షితమైన కనెక్షన్ కుదరదు, ఇది ఎవరికీ తట్టదు.

అప్‌డేట్ చేసేటప్పుడు చార్జర్ పెట్టే చెయ్యండి, మధ్యలో ఆగితే ప్లేయర్ లేవకపోవచ్చు.

సీడీలు, ఫోన్లు

సీడీలు ఇంకా వాడే చోట్ల ఒక్క మాట. డైసీ సీడీ మామూలు పాటల సీడీ ప్లేయర్లో పలకదు, అందులో ఉన్నది ఎంపీ3 ఫైళ్లు. సీడీ తుడిచేటప్పుడు గుండ్రంగా తిప్పుతూ తుడవొద్దు, మధ్యలోంచి అంచుకి తిన్నగా, మెత్తటి గుడ్డతో.

ఫోన్లో యాప్ పెట్టుకుని వింటుంటే తెర ఆరిపోయిన కాసేపటికి పుస్తకం ఆగిపోవడం మామూలు ఫిర్యాదు, బ్యాటరీ ఆదా చేసే సెట్టింగే యాప్‌ని చంపేస్తుంది, ఆ యాప్‌కి మాత్రం దాన్ని తీసెయ్యాలి. తెర చదివే టాక్‌బ్యాక్ లాంటిది ఆన్‌లో ఉన్న ఫోన్ మనం తీసుకుని మామూలుగా తాకితే పలకదు, ఒకసారి తాకితే చదువుతుంది, రెండుసార్లు తట్టితే తెరుస్తుంది. విసుగొచ్చి దాన్ని ఆఫ్ చేసి ఇచ్చేశారంటే ఆ మనిషి చేతిలో ఫోన్ ఇంక రాయే, ఎవరినో పిలిస్తే తప్ప ఆన్ చేసుకోలేని పరిస్థితి వస్తుంది. దయచేసి అది మాత్రం చెయ్యకండి.

రీసెట్ ఆఖర్న

ఫ్యాక్టరీ రీసెట్ చేస్తే స్పీడు, టోన్, వైఫై, కీలు అన్నీ పోతాయి, కొన్నిట్లో పెట్టుకున్న గుర్తులు కూడా పోతాయి. గుర్తు అంటే పరీక్షకి చదివే పిల్లకి ఆరు నెలల కష్టం. చేసే ముందు అడగండి, ఏ పుస్తకంలో ఎక్కడ ఆగారో, ఏ స్పీడులో వింటారో రాసిపెట్టుకోండి, చేశాక అవన్నీ మళ్లీ పెట్టి, ఆగిన చోటికి తీసుకెళ్లి వినిపించి అప్పుడు చేతికివ్వండి.

ఒకరు తిరిగిచ్చిన ప్లేయర్ ఇంకొకరికి ఇచ్చే ముందు మాత్రం రీసెట్ తప్పనిసరి. ముందున్నవాళ్లు ఏం విన్నారో, ఏం రికార్డు చేసుకున్నారో తర్వాతవాళ్లకి తెలియకూడదు. కార్డు ఖాళీ చెయ్యండి, బ్లూటూత్ జతలు, వైఫై పాస్‌వర్డులు తీసెయ్యండి. కొంచెం తడిపి గట్టిగా పిండిన గుడ్డతో తుడవండి, స్ప్రే నేరుగా కొట్టొద్దు, బటన్ల సందుల్లోంచి నీళ్లు లోపలికి పోతాయి. ఇయర్‌ఫోన్ల మెత్తలు మార్చండి. పూర్తిగా చార్జ్ చేసి, టెస్టు కార్డు పెట్టి, అన్ని బటన్లూ ఒకసారి నొక్కి, స్పీకర్లో ఒకసారి, హెడ్‌ఫోన్లో ఒకసారి విని, అప్పుడు బీరువాలో పెట్టండి. ఎక్కువ రోజులు వాడకపోతే సగం చార్జింగ్‌తో పెట్టడం బ్యాటరీకి మంచిది, ఇచ్చే ముందు రోజు నింపుకోవచ్చు.

తిరిగొచ్చిన ప్రతిదానికీ ఏం ఫిర్యాదు వచ్చింది, చివరికి ఏం తేలింది అన్నది ప్లేయర్ నంబర్‌తో పాటు ఒక రిజిస్టర్లో రాయండి. అదే నంబర్ మళ్లీ మళ్లీ అదే సమస్యతో వస్తుంటే రిపేరుకి పంపాలి. ఒకే మనిషి వేర్వేరు ప్లేయర్లతో ఒకే సమస్య చెప్తుంటే అక్కడ నేర్పాల్సింది ఏదో మిగిలిపోయింది, ఒక అరగంట కేటాయించి వాళ్లతో కూర్చోండి.